నాన్న నాకిచ్చింది, నేను నా కొడుక్కిచ్చింది

ఈమధ్యే ఒక సాయంత్రం మా అపార్టుమెంటు మెట్లు ఎక్కడా ఆగకుండా ఎక్కాను. తాళం తీసి లోపలికొచ్చి, సంచి బల్లమీద పెట్టాక గాని ఆయాసం రాలేదన్న సంగతి గమనించలేదు. ఇక దీని గురించి రాయవచ్చు అనిపించింది.

నాకు రాయడం అలవాటు లేదు. విశాఖపట్నంలో మద్దిలపాలెం డిపో దగ్గర ఒక ట్రావెల్స్ ఆఫీసులో టికెట్లు బుక్ చేస్తాను. పేరు గౌరి. ఉండేది దువ్వాడలో. ఇంట్లో నేను, మా ఆయన రమణ, పిల్లలు హర్ష, లాస్య, మా అమ్మ. ఇది రాయడానికి కారణం ఒక్కటే. చిన్న వయసులోనే గుండెతో మనుషులు పోయిన ఇళ్ళు చాలా ఉన్నాయి. "మా ఇంట్లో మగోల్లు నిలబడరు" అని నిట్టూర్చి ఊరుకుంటారు. మేమూ అలాగే ఊరుకున్నాం.

మాకు ఇది మార్చిలో మొదలైంది.

సాయంత్రం బస్సులో నిలబడి వస్తుంటే దవడ కింద లాగినట్టు నొప్పి పుట్టింది. పంటి నొప్పి అనుకున్నాను. మరో రోజు ఎడమ భుజం బరువెక్కింది. బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడటం వల్ల అనుకున్నాను. అమ్మ వాము నలిపి పెట్టి, వేడినీళ్ళు తాగించింది. ఖాళీ కడుపుతో తిరుగుతున్నానని కోప్పడింది. కాసేపటికి తగ్గింది కూడా. నలభై నిండని ఆడమనిషికి గుండెజబ్బు వస్తుందని ఎవరికి తడుతుంది? మా ఇంట్లో అది మగవాళ్ళ జబ్బు. మా నాన్న నేను పదో తరగతిలో ఉండగా అన్నం తిని మంచం మీద వాలి మళ్ళీ లేవలేదు. బాబాయి అంతకన్నా చిన్నవాడు, బొబ్బిలి దగ్గర మా ఊళ్ళో పొలంగట్టు మీద పడిపోయాడు.

మూడోసారి నొప్పి ఆఫీసులో వచ్చింది. ఒకాయన హైదరాబాదుకి కిటికీ పక్క సీటు కావాలంటున్నాడు. కంప్యూటరు మీద గళ్ళు కనిపిస్తున్నాయి గాని ఏది ఖాళీయో తెలియడం లేదు. చీర వీపుకి అతుక్కుపోయింది. నా ముఖం చూసి మా ఓనరుగారు ఏమీ అడగలేదు. కౌంటరు వదిలేసి, తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దారిలో నేను గ్యాసేనండి, వెనక్కి వెళ్ళిపోదాం అంటూనే ఉన్నానట.

అక్కడ కుర్ర డాక్టరు కూడా మొదట పొద్దున ఏం తిన్నారని నవ్వుతూనే అడిగాడు. గుండె పరీక్ష కాగితం బయటికి వచ్చాక నవ్వడం మానేశాడు. ఆ తర్వాత నా చుట్టూ అందరూ వేగంగా నడవడం గుర్తుంది, పైన లైట్లు వరసగా వెనక్కి వెళ్ళిపోవడం గుర్తుంది. లాస్యకి జడ వేసి పంపానా లేదా అని ఆలోచించడం గుర్తుంది. స్టెంటు వేశారు.

రమణ స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. డ్యూటీలో ఫోను దగ్గర ఉండదు. కబురు అందాక హెల్మెట్టు తీయడం కూడా మరిచిపోయి అలాగే వచ్చాడు. ఆ రోజు వరండాలో ఏం జరిగిందో తర్వాత అమ్మ చెప్పింది. అమ్మా, రమణా కూర్చున్న పక్క కుర్చీలో సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చిన ఒక జాలరి ఆడమనిషి కూర్చుందట. ఆమె భర్త కూడా లోపలే ఉన్నాడు. మధ్యాహ్నం దాటినా వీళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టలేదని చూసి, తన క్యారేజీ విప్పి మూతలో అన్నం, చేపల పులుసు పెట్టి అమ్మ చేతిలో పెట్టిందట. "తినీయమ్మా. మనం పస్తుంటే లోపలున్నోల్లకేటి బాగవుద్ది? రేపు మల్లీ తిరగాల మనవే" అందట. అమ్మ ఏడుస్తూనే తిన్నదట. పేరడగలేదు. ఆమె భర్త ఏమయ్యాడో మాకు తెలియదు. ఆమెను తలుచుకోని రోజు అమ్మకు లేదు.

ఇంటికి పంపే రోజు పెద్ద డాక్టరమ్మ వచ్చింది. నాడి చూడటానికి నా చెయ్యి పట్టుకుని, వదలకుండా నా వేళ్ళ కణుపుల వైపే చూడసాగింది. నా కణుపుల మీద చర్మం కింద గట్టిగా చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి. నొక్కితే నొప్పి ఉండదు. తర్వాత దుప్పటి తొలగించి మడమల వెనక నరం పట్టుకు చూసింది. కంట్లోకి లైటు వేసింది.

ఈ బొడిపెలు ఎప్పటి నుంచి అని అడిగింది. పెళ్ళైన కొత్తల్లోంచీ అన్నాను. మా నాన్నకూ ఉండేవని, బాబాయికీ ఉండేవని, మా అన్నయ్యకూ ఉన్నాయని చెప్పాను. కొంచెం గర్వంగానే చెప్పాను. ఎందుకంటే మా వైపు వాటిని కష్టపడే చేతులకి గుర్తు అంటారు. పెళ్ళిళ్ళలో ముసలివాళ్ళు నా చెయ్యి పట్టుకుని ఫలానా ఆయన కూతురివే కదూ అని పోల్చేవారు.

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ బొడిపెలూ, మడమ నరం లావెక్కడమూ కొవ్వు పేరుకోవడం వల్లేనని చెప్పింది. నా రక్తంలో కొవ్వు పుట్టినప్పటి నుంచీ ఎక్కువేనని, అది తిండి వల్ల వచ్చింది కాదని, నాన్న నుంచి నాకు వచ్చిందని చెప్పింది. చిన్నప్పుడే తెలిస్తే రోజూ ఒక మాత్రతో దాన్ని అదుపులో ఉంచవచ్చట. తెలియకపోతే మా నాన్నకైనట్టు అవుతుంది.

"పిల్లలెంతమందమ్మా?" అంది.

ఇద్దరన్నాను.

"ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగం, రాకపోయే అవకాశం సగం. ఇద్దరికీ రక్తపరీక్ష చేయించాలి. మీ అన్నయ్యకీ, ఆయన పిల్లలకీ కూడా. ఎవరినీ వదలొద్దు."

స్టెంటు వేసినప్పుడు కూడా నేను అంత భయపడలేదు.

ఇంటికి వచ్చేసరికి హర్ష సోఫాలో పడుకుని క్రికెట్ చూస్తున్నాడు. వాడికి పదమూడేళ్ళు. నన్ను చూసి లేచి వచ్చి, ఎక్కడ పట్టుకుంటే నొప్పి పుడుతుందో అని దూరంగా నిలబడ్డాడు. పక్కన కూర్చోబెట్టుకుని వాడి పాదం ఒళ్ళోకి తీసుకున్నాను. మడమ వెనక నరాన్ని వేళ్ళతో తడిమాను. లావుగా తగిలింది. లాస్యని పిలిచి దాని పాదం కూడా చూశాను. దానిది సన్నగా, తీగలా ఉంది. స్కూలు బూట్లు మడమ దగ్గర కరుస్తున్నాయని వాడు ఏడాదిగా అంటుంటే ఒక సైజు పెద్దవి కొనిచ్చాను.

"గిలిగింతలమ్మా" అని పాదం లాక్కున్నాడు.

పిల్లలకు ఏం చెప్పాలన్న దగ్గర నాకూ రమణకూ మొదటిసారి గట్టిగా మాటా మాటా వచ్చింది. ఏదో స్కూలు పరీక్ష అని చెప్పి రక్తం తీయించేద్దామన్నాడు. పసివాళ్ళ బుర్రల్లో ఇప్పటి నుంచే భయం పెట్టడం ఎందుకన్నది అతని వాదన. నాకూ మొదట అదే మేలనిపించింది. కాని ఆ వారంలోనే హర్ష వాళ్ళ అమ్మమ్మ దగ్గర చేరి, తాతయ్య ఎన్నేళ్ళకు పోయాడు, చిన్నతాత ఎన్నేళ్ళకు పోయాడు అని అడగడం విన్నాను. వేళ్ళు మడుస్తూ లెక్క కడుతున్నాడు. మనం చెప్పకపోతే వాడు తనకు తాను చెప్పుకుంటాడు, అది ఇంకా ఘోరంగా ఉంటుందని రమణతో అన్నాను. తర్వాత, సరే, నువ్వే చెప్పు, నేను పక్కన కూర్చుంటానన్నాడు.

మొదటి ప్రయత్నం తప్పిపోయింది. ఆసుపత్రిలో విన్న మాటలన్నీ పోగేసి, మన ఒంట్లో జీన్స్ ఉంటాయి, అవి అమ్మానాన్నల నుంచి వస్తాయని మొదలుపెట్టాను. లాస్యకి ఎనిమిదేళ్ళు. "నాన్న జీన్సు నాకేటి సరిపోద్ది?" అని అడిగింది. హర్ష పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రోజుకి అక్కడితో ఆపేశాను.

వేసవి సెలవుల్లో, నడవడం మొదలుపెట్టమని డాక్టరమ్మ చెప్పాక, ఒక ఆదివారం పొద్దున్నే రమణ మమ్మల్ని రుషికొండ తీసుకెళ్ళాడు. ఇసుకలో నాలుగడుగులు వేసి కూర్చున్నాను. దూరంగా సముద్రం మీద ఓడలు లంగరు వేసి నిలబడి ఉన్నాయి. అవి కదలవేమని లాస్య అడిగింది. హర్ష గబుక్కున అందుకుని, లోపల బెర్తు, అంటే ఓడ నిలిపి సరుకు దించే చోటు, ఖాళీ లేకపోతే బయటే ఆగాలని, మామయ్య చెప్పాడని అన్నాడు. మా అన్నయ్య అప్పలరాజు పోర్టులోనే పనిచేస్తాడు. నాకు అప్పుడు దారి దొరికింది.

మన పొట్టలో కాలేయం ఉంటుంది, అది పోర్టు లాంటిదన్నాను. రక్తంలో తిరిగే కొవ్వు ఓడలు అక్కడికి వచ్చి సరుకు దించాలి. మామూలు మనుషులకు బెర్తులన్నీ పనిచేస్తాయి. నాకు సగమే పనిచేస్తాయి. అందుకని ఓడలు బయటే తిరిగి తిరిగి, దారిలోనే సరుకు పారబోస్తాయి. అలా పారబోసిన సరుకే నా గుండెకు వెళ్ళే దారికి అడ్డం పడింది.

"మందేసుకుంటే?" అన్నాడు హర్ష.

"మిగిలిన బెర్తులు ఎక్కువ పని చేస్తాయి."

వాడు ఓడలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. రమణ ఇసుకలో గీతలు గీస్తూ తలెత్తలేదు.

రెండో భాగం ఇంటి దగ్గర చెప్పాను. అమ్మ వరండాలో చింతపండు పిక్కలు తీస్తోంది. నాలుగు పిక్కలు కడిగి తుడిచి, ఒకదానికి సున్నంతో బొట్టు పెట్టాను. నా చేతిలో రెండు పిక్కలు, అందులో ఒకటి బొట్టుది. రమణ చేతిలో రెండు, రెండూ బొట్టు లేనివి. కళ్ళు మూసుకుని నా చేతిలోంచి ఒకటి, నాన్న చేతిలోంచి ఒకటి తీయండి, అదే మీరు అన్నాను. లాస్యకి ఆట బాగా నచ్చింది. తీసిన ప్రతిసారీ ఒక బిడ్డ పుట్టినట్టు లెక్కేసి, బిడ్డలకి పేర్లు కూడా పెట్టింది. ఒకసారి వరసగా ముగ్గురికి బొట్టు పిక్క వచ్చింది. అదేమిటని నిలదీసింది. ప్రతిసారీ ఆట కొత్తగా మొదలవుతుంది, ముందు ఎవరికి ఏం వచ్చిందో పిక్కలకు గుర్తుండదని చెప్పాను.

అప్పుడది ఆట ఆపి, చిన్నగొంతుతో, నాకు రాకపోతే అది అన్నయ్యకి వెళ్ళిపోతుందా అని అడిగింది. పిల్లలు ఇలాంటివి మనసులో పెట్టుకుంటారని ఎవరూ చెప్పలేదు. నీకు వచ్చినా రాకపోయినా అన్నయ్యది మారదు, ఎవరి పిక్క వాళ్ళదేనని దాని చేత మూడుసార్లు చెప్పించాను.

హర్ష మాత్రం బొట్టు పిక్కను చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"నువ్వు కావాలని ఇవ్వవు కదమ్మా?"

"చూసి ఇచ్చే వీలుంటే బొట్టు లేనిదే ఇచ్చేదాన్ని నాన్నా."

తల ఊపాడు. అమ్మ పిక్కలు తీయడం ఆపి మమ్మల్నే చూస్తోంది.

ఫలితాలు వచ్చాయి. హర్షకి ఉంది. లాస్యకి లేదు. వాడు ఏడుస్తాడనుకున్నాను, అది ఏడ్చింది. నాకు కూడా మాత్ర కావాలని రమణ మెడ పట్టుకుని ఏడ్చింది. హర్షే దాన్ని ఓదార్చాడు. ఆ సాయంత్రం వాడు బాత్రూంలో నీళ్ళు విప్పుకుని చాలాసేపు బయటికి రాలేదు. నేను తలుపు తట్టలేదు. వచ్చాక పక్కన కూర్చుని, నేనూ ఇదే మాత్ర వేసుకుంటున్నాను, ఇద్దరం కలిసి వేసుకుందామన్నాను. ఆ రోజు నుంచి అలాగే వేసుకుంటున్నాం.

తర్వాత అన్నయ్య.

మల్కాపురంలో వాళ్ళ ఇంటికి రమణా నేనూ వెళ్ళాం. అన్నయ్యకి ఒక్కతే కూతురు మౌనిక, పదకొండేళ్ళు. పుట్టినప్పటి నుంచీ అమ్మ దాన్ని హర్ష పెళ్ళాం అంటూ ఉంటుంది. మాలో మేనరికం కొత్త కాదు. పిల్లలు సిగ్గుపడి పారిపోయేవారు, మేం నవ్వుకునేవాళ్ళం. అన్నయ్య మాత్రం ఆ మాటను మనసులో ఖాయం చేసుకున్నాడని నాకు ఆ రోజే తెలిసింది.

నేను అంతా చెప్పాను. అతని చేతుల మీద బొడిపెలు చూపించాను. మౌనికకీ పరీక్ష చేయించాలన్నాను. ఇద్దరు పిల్లలకూ ఉంటే వాళ్ళకి పెళ్ళి మాట అనుకోకూడదని, పుట్టే బిడ్డకి రెండు వైపుల నుంచీ వస్తే పసితనంలోనే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ అన్న మాట కూడా చెప్పాను. ఆ చివరి మాట ఆ రోజు చెప్పకుండా ఉండాల్సిందేమో. అన్నయ్య ముఖం మారిపోయింది.

"మా పిల్లని సేసుకోడం నీకిష్టం నేకపోతే సూటిగా సెప్పీ గౌరీ. రోగం అంటగట్టీడం ఎందుకు?"

రమణ సర్దబోయాడు. బావా, అది కాదు, నువ్వు ముందు టెస్టు చేయించుకో అన్నాడు. తనకేం నొప్పి లేదని, రోజంతా ఎండలో పనిచేస్తున్నాడని, ఆడపిల్ల మీద ఇలాంటి ముద్ర పడితే రేపు ఏ ఇంటివాళ్ళూ గడప తొక్కరని అన్నయ్య అన్నాడు. వదిన టీ పెట్టింది గాని ఎవరమూ తాగలేదు. వచ్చేశాం.

ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. నా జబ్బు కన్నా, అన్నయ్య నన్ను అలా అనుకోవడం ఎక్కువ బాధపెట్టింది. ఒక మధ్యాహ్నం వంటింట్లో నిలబడి ఏడుస్తుంటే అమ్మ వచ్చింది. ఓదారుస్తుందనుకున్నాను. ఆమె వేరే మాట అడిగింది.

"ఆ పిక్కల ఆట ఆడించావు కదే. మీ నాన్నది కూడా బొట్టు పిక్కేనా?"

"అవునమ్మా. నాన్న నుంచే నాకొచ్చింది."

"పుట్టినప్పుడే ఉందా ఆయనకి?"

"పుట్టినప్పుడే."

అమ్మ గట్టు పట్టుకుని నేల మీద కూర్చుంది.

"అయితే నాను తిండెట్టి సంపీలేదు."

నాన్న పోయిన పదో రోజున మా మేనత్త నలుగురి ముందూ అన్నదట, నెయ్యి పోసి పోసి మా తమ్ముణ్ణి సంపీసింది అని. అమ్మ ఎదురు చెప్పలేదు. నిజమే అనుకుంది. నాన్నకి నెయ్యి ఇష్టం, అమ్మ కాచి పోసేది. ఆ రోజు నుంచి తను నెయ్యి ముట్టలేదు. భర్త పోయినందుకు మానేసిందని నేను అనుకుంటూ వచ్చాను. ఇరవై ఏళ్ళకు పైగా ఆ మాటను ఒక్కర్తీ మోసింది.

నేను ఎంత చెప్పినా, తన మనసు కోసం అంటున్నానేమోనని అనుమానపడింది. డాక్టరమ్మ నోట వింటానంది. మళ్ళీ పరీక్షకి వెళ్ళిన రోజు నాతో వచ్చింది. మా వంతు కోసం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా బెంచీ మీద కదలకుండా కూర్చుంది. లోపలికెళ్ళాక డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, తిండి జాగ్రత్త మంచిదే గాని ఆయన జబ్బు తిండితో పుట్టింది కాదు, మీరు ఏం వండినా వండకపోయినా అది ఆయన రక్తంలో ఉందని చెప్పింది. ఆ రోజుల్లో ఎవరికీ తెలియలేదు, అందులో మీ తప్పు లేదంది. అమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. బయటికి వచ్చి, ఇంటికి కాదు, మల్కాపురం ఆటో పిలవమంది. నేను వస్తానంటే వద్దంది.

అక్కడ ఏం జరిగిందో వదిన ఫోన్లో చెప్పింది. అమ్మ కూర్చోను కూడా కూర్చోలేదట. గుమ్మంలో నిలబడే మాట్లాడిందట.

"మీ నాన్నకి సెప్పినోడు ఎవుడూ నేడు, పోనాడు. నీకు నీ సెల్లెలు సచ్చి బతికొచ్చి సెప్తంది. పెల్లి మాట ఎత్తింది నాను, ఒగ్గీసిందీ నానే. రేపు పొద్దున్నే పిల్లని లేపు, ఎల్దాం."

అన్నయ్య తల దించుకుని కూర్చున్నాడట. మర్నాడు పొద్దున్న అన్నయ్యా, వదినా, మౌనికా ల్యాబుకి వచ్చారు. నేనూ పిల్లలతో వెళ్ళాను. సూది నొప్పా అని మౌనిక అడిగితే, చీమ కుట్టినట్టుంటుంది, అటు చూడకు అని హర్ష చెప్పాడు. అన్నయ్య బయటికి వెళ్ళి కొబ్బరిబోండాం కొట్టించి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎండలో వచ్చావు, తాగు అన్నాడు. మా మధ్య అంతకు మించి మాటలు అక్కర్లేకపోయాయి.

అన్నయ్యకి ఉంది. మౌనికకి కూడా ఉంది. అన్నయ్య గుండె రక్తనాళాలు పరీక్షిస్తే రెండుచోట్ల సన్నబడి ఉన్నాయి. నొప్పి రాకముందే జబ్బు దొరికింది. ఇద్దరూ మాత్రలు మొదలుపెట్టారు. మౌనికని వాళ్ళింట్లో కూర్చోబెట్టి అంతా చెప్పింది హర్షే, అవే పిక్కలతో. నేను పక్క గదిలోంచి విన్నాను. రెండు చేతుల్లోంచీ బొట్టు పిక్కలే వస్తే ఏమవుతుందని మౌనిక అడిగింది. అందుకే మనిద్దరికీ పెళ్ళి వద్దన్నారు, హమ్మయ్య అన్నాడు వీడు. తర్వాత దెబ్బ చప్పుడు వినిపించింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో అందరం నవ్వాం.

మాలాంటి ఇళ్ళవాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. తండ్రో, తల్లో, మేనమామో నడివయసు దాటకుండా గుండెతో పోయి ఉంటే, వేళ్ళ కణుపుల మీదో, మడమల వెనకో గట్టి బొడిపెలుంటే, వెళ్ళి రక్తంలో కొవ్వు చూపించుకోండి. బొడిపెలు లేకపోయినా చూపించుకోండి. మాత్రలు మీ అంతట మీరు మొదలుపెట్టవద్దు, మీ అంతట మీరు మానవద్దు. పిల్లలకి చెప్పండి. వాళ్ళు మనకన్నా త్వరగా అర్థం చేసుకుంటారు, మనకన్నా తక్కువ సిగ్గుపడతారు. దీన్ని దాచి ఉంచడం వల్ల మా ఇంట్లో ఎవరికీ ఏ మేలూ జరగలేదు.

ఎవరినీ వదలొద్దని డాక్టరమ్మ అంది కదా. ఇంకా ఒకడు మిగిలాడు. బాబాయి కొడుకు శీను. ఊళ్ళోనే వ్యవసాయం చేసుకుంటూ ట్రాక్టరు నడుపుతాడు. కిందటేడే పెళ్ళైంది. ఫోన్లో చెబితే నవ్వేసి పెట్టేశాడు. కార్తీకమాసంలో ఒకరోజు అమ్మా, అన్నయ్యా, నేనూ, హర్షా ఊరికి బయల్దేరాం.

మేం వెళ్ళేసరికి శీను బనీనుతో ధాన్యం బస్తాలు సర్దుతున్నాడు. భోజనాలయ్యాక అన్నయ్య మాట ఎత్తాడు. నాకేటి నొప్పి నేదన్నా, రాయిలాగున్నాను అన్నాడు శీను. తన సంగతి అన్నయ్య నెమ్మదిగా చెప్పాడు, తనూ అదే మాట అన్నానని కూడా చెప్పాడు. శీను చేతులు చూపించమంటే వెనక్కి పెట్టుకున్నాడు. వాళ్ళ నాన్న పొలంగట్టు మీద పడిపోయింది గాలి సోకి అని ఊళ్ళో అందరికీ తెలుసని, ఇప్పుడు కొత్తగా ఈ పేరు ఎందుకని విసుక్కున్నాడు.

అతని భార్య రత్నం గుమ్మానికి ఆనుకుని నిలబడి వింటోంది. ఆరో నెల గర్భిణి. అంతవరకూ మాట్లాడని పిల్ల, పొట్ట మీద చెయ్యి వేసుకుని నన్ను చూసింది.

"ఈయనకుంటే, కడుపులో బిడ్డకి కూడా వస్తదేటి వదినా?"

రావచ్చు అని చెప్పాల్సింది నేనే. ఆ పిల్ల ముఖం చూస్తూ ఆ మాట ఎలా అనాలో తెలియలేదు. నా పక్కన మంచం మీద కూర్చున్న హర్ష లేచి నిలబడ్డాడు.

"రావచ్చత్తా, రాకపోనూ వచ్చు. వచ్చినా భయం నేదు. నాకుంది. నాను రోజూ మాత్ర ఏసుకుంటన్నాను, స్కూల్లో కబడ్డీ ఆడతన్నాను. ముందే తెలిస్తే సాలు. మామయ్యకి తెలీకపోతేనే కష్టం."

రత్నం వాడి వైపే చూసింది. తర్వాత భర్త వైపు చూసింది.

శీను లేచి లోపలికి వెళ్ళాడు. కోపం వచ్చిందనుకున్నాం. ఉతికిన చొక్కా తొడుక్కుని, గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు.

"విశాపట్నం బస్సెన్నింటికన్నా?" అని అన్నయ్యని అడిగాడు.